మందు నూరిన సోములమ్మ

మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పిన మాట ఇది. దారుల కన్నా అడవులు ఎక్కువున్న రోజులవి.

ఒక కోటలో రాజవైద్యుడి పెరట్లో సోములమ్మ అనే ముసలామె మందులు నూరేది. పొద్దున నూరేది, మధ్యాహ్నం నూరేది, పొద్దు వాలినా నూరేది. అరచేతుల్లో గీతలే అరిగిపోయాయి.

ఆ కాలంలో మసిజ్వరం ఏడాది విడిచి ఏడాది వచ్చి, ఇంటికొకరిని తీసుకుపోయేది. వైద్యుడు పదేళ్ళు అడవులు పట్టి తిరిగి ఒక కషాయం కనిపెట్టాడు. ముందే మూడు గుక్కలు తాగితే జ్వరం దరిచేరదు. రాజు మెచ్చి రాగిరేకు మీద శాసనం చెక్కించాడు: "పన్నెండేళ్ళ దాకా ఈ మందు ఇతరులెవరూ చేయరాదు."

వైద్యుడు చేసింది కోటకే సరిపోయింది. ఏటవతలి మూడు ఊళ్ళకు చుక్క అందలేదు. అక్కడ కాపురముంటున్న సోములమ్మ కూతురు కూడా ఆ జ్వరంతోనే పోయింది.

కబురు విన్న సోములమ్మ వైద్యుడి ముందు నిలబడింది.

"బాబూ, అవతల జనం రాలిపోతున్నారు. మందు చేసుకోనివ్వండి."

"పదేళ్ళు నా కాళ్ళు పుళ్ళుపడ్డాయి, సోములమ్మా. ఊరికే ఇచ్చేస్తే రేపు ఇంకో రోగానికి మందు ఎవడు వెతుకుతాడు?"

ఆ పుళ్ళకు పసరు రాసింది తనే. అబద్ధమనలేకపోయింది. మంత్రినడిగింది, రాజునడిగింది. మూడు గడపలు తొక్కింది, మూడు చోట్లా లేదనిపించుకుంది.

ఇక ఎవరినీ అడిగే ఓపిక లేదు. ఏరు దాటింది. మొదటి ఊళ్ళో చెప్పింది: ఏ ఆకు, ఎంత, ఎలా కాచాలి. రెండో ఊళ్ళో చెప్పింది. అక్కడ రాజభటులు పట్టుకున్నారు.

"శాసనం మీరావు, ముసలీ!"

"చేయరాదని ఉంది నాయనా. చెప్పరాదని లేదు. నేను చెప్పానంతే."

భటుల్లో ఒకడు తల దించుకున్నాడు. "మాది నువ్వు దాటొచ్చిన మొదటి ఊరే. ఏటిగట్టు మీది తొలి ఇల్లు. మా అమ్మకు చెప్పావా?"

"ముందు ఆమెకే చెప్పాను."

భటులు వెనక్కి తిరిగిపోయారు.

మూడో ఊరు చేరేసరికి గొంతు పోయింది. చేతులతో చూపించింది.

"కాస్త కూర్చోమ్మా," అన్నారు ఆడవాళ్ళు.

"కూర్చుంటే లేవలేను తల్లీ," అంది గుసగుసగా. "మీరు నూరండి. చూస్తాను."

వాళ్ళు నూరారు, కాచారు, ఇంటింటికీ పంచారు. అప్పుడు గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

శాసనం గడువు తీరేనాటికి ఆ మందు తెలియని ఇల్లు లేదు.

ఇప్పటికీ ఆ మూడు ఊళ్ళల్లో మందు నూరేటప్పుడు తలుపు మూయరు. ఏమేం వేస్తున్నారో పైకి చెబుతూ నూరుతారు. అయ్యాక రోలు పక్కన ఒక పీట వాల్చి, "ఇక కూర్చో, సోములమ్మా," అంటారు.