బిగువమ్మ పట్టు వదిలిన రోజు

ఒకప్పుడు లింకర్ ప్రోటీన్లు పట్టిన చోటు చచ్చినా వదిలేవి కావు. అవేమిటంటారా? చెబుతాను, తొందరపడకండి. ఇది నవ్వులాట కథ కాదు.

వరిమడి గట్టు పక్కన ఒక నీటిగుంట ఉండేది. అందులో నాచమ్మ అనే జీవి. ఒళ్ళంతా కలిపి ఒకే ఒక్క కణం. ఆ కణం నడుమ కేంద్రకమనే చిన్న గది, గదిలో పొడుగాటి పోగు. ఎలా తినాలి, ఎలా రెండుగా చీలాలి, నీళ్ళెండితే ఒంటిచుట్టూ పెంకు ఎలా కట్టుకోవాలి, తల్లుల నుంచి వచ్చిన తెలివంతా ఆ పోగులోనే ఉంది.

చిక్కుపడకుండా ఆ పోగు కండెలకి చుట్టుకుని ఉండేది. చుట్టు జారిపోకుండా ఒక్కో కండె దగ్గర ఒక్కో లింకర్ ప్రోటీన్ కూర్చుని, పోగు వచ్చే చోటూ పోయే చోటూ కలిపి పట్టుకునేది. బిగువమ్మ ఆ వంశంలోదే. ఒకసారి పట్టుకుంటే ప్రాణం పోయేదాకా వదలకూడదని వాళ్ళ కట్టుబాటు.

ఒక ఎండాకాలం గుంట ఎండిపోసాగింది. పెంకు సంగతి చదువుకు రమ్మని నాచమ్మ చదువరిని పంపింది. పోగులో ఉన్నది చదివి చెప్పడమే చదువరి పని. తీరా చూస్తే ఆ సంగతి సరిగ్గా బిగువమ్మ చేతుల కింద ఉంది.

"అక్కా, కాస్త చేతులు తియ్యవూ. చదువుకుని పోతాను" అన్నాడు చదువరి.

"తియ్యను నాయనా. మా అమ్మ ఇక్కడే పట్టుకుంది, ఇక్కడే పోయింది. నేను వదిలితే పోగంతా చెదిరిపోదూ? ఆ పాపం నాకొద్దు" అంది బిగువమ్మ.

ఎంత బతిమాలినా ఊహూఁ అంది. మొండితనం కాదర్రా, భయం. భయపడ్డవాళ్ళని తిట్టకూడదు.

అంతలో పక్కనే ఉన్న ఇంకో ఒంటికణం జీవి, జలమ్మ, ఎండిపోయింది. ఆమె లోపలా ఎవరూ పట్టు వదల్లేదు. పోగు చుట్టింది చుట్టినట్టే ఉంది. చదవడానికే ఎవరూ మిగల్లేదు.

నాచమ్మ గొంతు పీలగా వినబడింది. "బిగువమ్మా, ఇన్నాళ్ళూ నువ్వు పట్టుకోబట్టే బతికాను. ఆ మాట మరిచిపోను. కానీ తల్లీ, నేనే పోయాక ఆ పోగు ఎవరికోసం?"

బిగువమ్మకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చేతులు తీసి పక్కకి జరిగింది. పోగు వదులైంది గానీ చెదరలేదు, కండె దాన్ని పట్టుకునే ఉంది. చదువరి గబగబా చదివాడు. మట్టి నెర్రెలిచ్చేలోగా నాచమ్మ చుట్టూ పెంకు బిగిసింది.

బిగువమ్మ వెనక్కి తిరిగేసరికి తన చోట, పక్క కండె దగ్గరుండే చెల్లెలు కూర్చుని ఉంది.

"నువ్వు వదలడం చూసి నేనూ వదిలానక్కా. ఎక్కడికి పోవాలో తెలీక ఇక్కడ పట్టుకున్నాను" అంది చెల్లెలు బిక్కుబిక్కుమంటూ.

అది అమ్మ పోయిన చోటు. అయినా బిగువమ్మ చెల్లెల్ని లేవమనలేదు. ఇంకో కండె దగ్గర ఖాళీ కనిపిస్తే వెళ్ళి అక్కడ పోగు పట్టుకుంది.

అప్పటినుంచే లింకర్ ప్రోటీన్లు ఏ చోటా ఎక్కువసేపు నిలవవు. పట్టుకుంటాయి, వదులుతాయి, ఇంకోచోట పట్టుకుంటాయి. గుంటలో జీవుల్లోనే కాదు, ఈ కథ వింటున్న మీ ఒంట్లోనూ అంతే. "ఇది నా చోటు, లే" అని ఏదీ ఇంకోదాన్ని అనదు.