ముందూపిరి గిడ్డమ్మ

అనగా అనగా ఒక ఊరు. ఎప్పటిదని అడగొద్దు, నాకు చెప్పినోళ్ళు చెప్పలేదు. ఊరి పేరు తంగెడుదిన్నె. నేల గట్టిది, వాన తక్కువ, పండేది జొన్న.

ఆ ఊళ్ళో జొన్నల్ని ఇంట్లో దాచరు, నేలలో దాస్తారు. రెండు నిలువుల లోతున గుంత తవ్వుతారు. మూతి సన్నం, కడుపు వెడల్పు. అడుగునా చుట్టూ జొన్నచొప్ప పరిచి, గింజలు పోసి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తేస్తారు. దాన్ని పాతర అంటారు. ఏళ్ళు గడిచినా లోపల గింజ చెడదు. గాలి చెడుతుంది. ఆ చెడ్డ గాలిని ఆవిరి అంటారు. బండ తీసీ తీయగానే దిగినవాడు మళ్ళీ పైకి రాడు.

ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒకామె ఉండేది. కూలి మనిషి. తల్లీతండ్రీ పోతే తమ్ముడు ఈరన్నను తనే పెంచింది. వాడికి పెళ్ళి చేసింది.

పెళ్ళిలో వంశం చెప్పించడం ఆ వైపు ఆచారం. వంశాలు చెప్పే మద్దిలేటి గంట పట్టుకుని వచ్చాడు. ఇంటింటి పెద్దల పేర్లు, వాళ్ళు చేసిన పనులు, తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి వచ్చిన మాటలే అతని చదువు. పందిట్లో నిలబడి గంట కొట్టాడు.

"గిడ్డమ్మ, ముందూపిరి. గిడ్డమ్మ కొడుకు నాగన్న, మడక దున్నినోడు. నాగన్న కొడుకు లింగన్న, గొర్లు కాసినోడు..."

పెళ్ళికూతురి మేనమామ చెయ్యెత్తి ఆపాడు. "ముందూపిరా? అదేం పనప్పా?"

నులకమంచం మీద కూర్చున్న వీరభద్రప్ప చెప్పాడు. ఆయన ఊరి పెత్తందారు. దిన్నె మీది పాతరలన్నీ ఆయనవే.

"ఊపిరి పీల్చడం గూడా ఒక పనేనా? పనీపాటా లేనిదానికి అట్లా పేరు పెట్టింటారు."

పందిరంతా నవ్వింది. ఈరన్న తల దించుకున్నాడు. సుంకమ్మ దించుకోలేదు.

"మా ఇంట్లో పని చేయకుండా కూడు తిన్నోళ్ళు లేరు సామీ. అదేం పనో కనుక్కుంటా" అంది.

"కనుక్కో" అని ఆయన తాంబూలం నోట్లో వేసుకున్నాడు.

సుంకమ్మకు కోపమొచ్చింది. కోపాన్ని కొంగున ముడేసుకుని నడిచింది.

ముందు మద్దిలేటి దగ్గరికి పోయింది. "చెప్పిన నోరు నీదే గదన్నా. ముందూపిరి అంటే ఏంది?"

"మా నాయన చెప్పింది నేను చెప్తా. మా నాయనకు వాళ్ళ నాయన చెప్పినాడు. అర్థం ఎవురూ చెప్పలేదు, నేనూ అడగలేదు."

"అర్థం తెలీని మాటకు మా ఇంటి గింజలు తీసుకుంటివా?"

మద్దిలేటి గంట సంచిలో పెట్టుకున్నాడు. సుంకమ్మకు కోపమొచ్చింది. కోపాన్ని కొంగున ముడేసుకుని నడిచింది.

పొరుగూళ్ళో పెదనాయన రంగన్న ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయింది. గిడ్డమ్మ పేరు చెవిన పడగానే ఆయన లేచి వాకిలి తలుపు మూశాడు.

"ఆ పేరు ఎత్తొద్దు బిడ్డా. కరువులో పెత్తందారు పాతరలో జొన్నలు దొంగిలించబోయి, లోపల పడి చచ్చిందంట. దొంగ. నలుగురికీ తెలిస్తే మన పరువేం గాను?"

"నువ్వు చూసినావా పెదనాయనా?"

"నేనేడ చూస్తా? పెద్దలన్నారు."

"ఏ పెద్దలు? మన పెద్దలా, పాతర పెద్దలా?"

తమ ఇంటివాళ్ళే, తరతరాలుగా, తమ మనిషిని దొంగని నమ్మి తలుపులు మూసుకున్నారు. సుంకమ్మకు కోపమొచ్చింది. కోపాన్ని కొంగున ముడేసుకుని నడిచింది.

ఊరి చివర బాలక్క ఉంది. నార తాళ్ళు పేనే ముసలామె. పాతరల్లోకి మనుషుల్ని దించే తాళ్ళు పాతకాలం నుంచీ ఆ ఇంటివే. సుంకమ్మ అడిగింది. బాలక్క చేతిలో నార పక్కన పెట్టింది.

"ఇన్నాళ్ళకు మీ ఇంటోళ్ళు ఒకరు అడిగినారు. కూర్చోమ్మే" అంది. "మా నాయన్ను కన్న జేజి చిన్నప్పుడు కళ్ళారా చూసి నాకు చెప్పింది."

ఆమె చెప్పింది ఇదీ.

గిడ్డమ్మ మొగుడు పోయిన మనిషి. బక్కది, బరువు లేదు. తాడు కట్టి దించడం సులువు, లాగడం సులువు. అందుకని అప్పటి పెత్తందారు, ఈ వీరభద్రప్ప వంశం పెద్ద బసప్ప ఆమెకు ఒక పని పెట్టాడు. బండ తీసినాక అందరికంటే ముందు ఆమె దిగాలి. దిగి ఊపిరి పీల్చాలి. మూతి దగ్గర ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి "ఉండా" అని, అంటే బతికే ఉన్నానని పలకాలి. మూడుసార్లు పలికితే కూలోళ్ళు దిగుతారు. పలక్కపోతే దిగరు. అదీ ముందూపిరి. కూలి, పాతర అడుగున ముక్కిపోయిన జొన్నలు.

ఒక ఏడు కరువొచ్చింది. ఊరు తంగేడు గింజలు ఉడకబెట్టుకుని తింటూ ఉంది. బసప్ప పాతరలు తెరవలేదు. పసిబిడ్డల్ని ఎత్తుకుపోయి వాకిట్లో నిలబడ్డా తెరవలేదు. ఎక్కడినుంచో బేరగాడు బండ్లు కట్టుకుని వచ్చాడు. అప్పుడు తెరిచాడు.

బండ తీస్తే పొద్దు వాలేదాకా వదిలేయాలి. ఆ తర్వాత దీపం దించాలి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి. బేరగాడు ఆగనన్నాడు. బసప్ప గిడ్డమ్మను పిలిచాడు.

"ఆవిరి పోనీ సామీ. పొద్దు వాలినాక దిగుతా" అంది గిడ్డమ్మ.

"ఆవిరి పోయిందో లేదో చూడ్డానికే గదా నువ్వుండేది."

"నేను పోను సామీ. నాలుగు దినాల నుంచి కూడు లేదు. పలికే సత్తువ లేదు."

"నువ్వు పోకపోతే నీ కోడల్ని దించుతా."

కోడలు కడుపుతో ఉంది. గిడ్డమ్మ తాడు తనే నడుముకు కట్టుకుంది. మూతి దగ్గర "ఉండా" అంది. నడుమ "ఉండా" అంది. అడుగు నుంచి మాట రాలేదు.

లాగితే పీనుగొచ్చింది. బసప్ప దాన్ని పక్కన పెట్టించి, పొద్దు వాలేదాకా ఆగాడు. ఆగగలిగినవాడే. ఆ తర్వాత జొన్నలు తోడించి, ఆమె పక్కనుంచే బండ్లకెత్తించి పంపాడు. గిడ్డమ్మ దొంగతనానికి దిగి చచ్చిందని చాటించాడు. కాదన్నవాళ్ళకు ఆ ఊళ్ళో కూలి ఉండదన్నాడు.

"ఆ కోడలి కడుపులో ఉన్నోడే మీ లింగన్న" అంది బాలక్క. "మీరంతా ఆ కడుపులోనుంచి వచ్చినోళ్ళే."

సుంకమ్మ ఏడవలేదు. ఏడిస్తే కోపం కరిగిపోతుందని భయపడింది.

అంతలో ఈరన్న పెళ్ళాం పరుగెత్తుకుంటూ వచ్చింది. "వదినా, పెత్తందారు పాతర తెరిపిస్తాండాడు. వాన పడేలోపల తోడాలంట. ముందు మీ తమ్ముణ్ణి దిగమంటాండాడు."

సుంకమ్మ దిన్నె మీదికి పోయింది. తూరుపున మబ్బు నల్లగా ఉంది. బండ అప్పుడే తీశారు. ఈరన్న నడుముకు తాడు కట్టి ఉంది. సుంకమ్మ తమ్ముడి దగ్గరికి పోయి, ముడి విప్పి, తాడు తీసుకెళ్ళి వీరభద్రప్ప కాళ్ళ ముందు పడేసింది.

"పనేందో కనుక్కున్నా సామీ. మీ బసప్ప మా గిడ్డమ్మను ఆవిరిలోకి దించి చంపినాడు. చంపి దొంగ అన్నాడు. ఈ జొన్నలు నీవి గదా. ముందు నువ్వు పీల్చు."

వీరభద్రప్ప కూలోళ్ళ వైపు తిరిగాడు. "ఈమెను పక్కకు లాగండి."

ఎవరూ కదల్లేదు.

"ఈరన్నా, తాడు కట్టుకో."

ఈరన్న కదల్లేదు.

"మబ్బు కనపడలేదా మీకు? దిగేవాడికి రెండింతల కూలి."

ఒక్కరూ కదల్లేదు. పాతర చుట్టూ అంతమంది నిలబడి ఉన్నారు. ఎవరికి వాళ్ళు తమ ఇళ్ళలో ఎవరెవరు దిగారో, ఎవరెవరు రాలేదో తలుచుకుంటున్నారు.

వీరభద్రప్పకు రోషమొచ్చింది. "ఏముంది లోపల! పిరికిముండాకొడుకులు" అని మోకాళ్ళ మీద వంగి, పాతర మూతిలోకి తల పెట్టాడు. "చూడండి, నేను పీల్..." అన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. చేతులు జారాయి. ఒళ్ళు లోపలికి ఒరిగింది.

సుంకమ్మ చూస్తూ ఉంది. పోనీ అనిపించింది ఆమెకు. నిజంగానే అనిపించింది. అయినా వంగి నడుం పట్టుకుని లాగింది. ఈరన్న కూడా ఒక చెయ్యి వేశాడు. నేల మీద పడేసి మొహాన నీళ్ళు కొడితే ఆయనకు దగ్గొచ్చింది, ఊపిరొచ్చింది. కళ్ళు తెరిచి చేతులు జోడించబోయాడు.

"మొక్కొద్దు" అంది సుంకమ్మ. "నిన్ను లాగింది దయతో కాదు. నువ్వు చస్తే మళ్ళీ మాకే ఏదో పేరు పెడతారు. ఈసారి హంతకులంటారు."

పొద్దు వాలేదాకా ఎవరూ దిగలేదు. నడుమ వాన పడింది. బండ జరిపి కప్పినా నీళ్ళు దిగాయి. సగం పాతర మొలకెత్తి కుళ్ళిపోయింది. వీరభద్రప్ప ఆ నష్టాన్ని మర్చిపోలేదు. బతికినన్నాళ్ళూ సుంకమ్మకు తన చేలో పని ఇవ్వలేదు. ఆమె పక్క ఊళ్ళకు నడిచి కూలి చేసుకుంది.

కానీ ఒక పని చేసింది. మద్దిలేటిని పిలిపించింది.

"వంశంలో మాట మార్చాల" అంది. "ముందూపిరి అని ఊరికే చెప్పొద్దు. అందరికంటే ముందు పాతర దిగి, అందరి కోసం ఊపిరి పీల్చిన మనిషి, బసప్ప ఆవిరిలోకి దించితే చచ్చిన మనిషి అని చెప్పు."

"మీ ఇంట్లో చెప్తాలే."

"వాళ్ళింట్లో గూడా చెప్పాల."

"పెత్తందారు పందిట్లోనా? నన్ను బతకనిస్తారా?"

"చెప్పకపోతే ఈ ఊళ్ళో ఏ గడపలోనూ నీకు చేటెడు గింజలు లేవు." చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చేటలు బోర్లించి నిలబడ్డారు.

ఆ ఏడే వీరభద్రప్ప కొడుకు పెళ్ళి. మద్దిలేటి పందిట్లో నిలబడి గంట కొట్టాడు. "బసప్ప, దిన్నె నిండా పాతరలున్నోడు, గిడ్డమ్మను దించి చంపినోడు. బసప్ప కొడుకు..." పందిట్లో ఎవరూ నవ్వలేదు. వీరభద్రప్ప లేచి లోపలికి పోయాడు. మద్దిలేటి ఆపకుండా చివరిదాకా చెప్పాడు. అప్పటినుంచి అతని కొడుకులూ మనవలూ అట్లాగే చెప్తున్నారు.

కొన్నేళ్ళకు పెత్తందారు ఇంటివాళ్ళే గిడ్డమ్మకు గుడి కడతామన్నారు. సుంకమ్మ అప్పటికి ముసలిదైంది. వద్దంది. "దేవత చేస్తే, ఎట్లా చచ్చిందో మర్చిపోతారు. చంపినోడి పేరూ మర్చిపోతారు."

అందుకే తంగెడుదిన్నెలో గిడ్డమ్మకు గుడి లేదు, రాయి లేదు. ఇప్పుడు పాతరలూ లేవు. కానీ బావిలో పూడిక తీయాలన్నా, ఏ గుంతలోకైనా మనిషిని దించాలన్నా, దించమన్నవాణ్ణి ముందు గట్టు మీద కూర్చోబెడతారు. ఎంత పెద్దవాడైనా సరే. గాలి మంచిదని దీపం చెప్పేదాకా లేవనివ్వరు, తిననివ్వరు. ఆకలేస్తుంది, ఇంటికి పోయొస్తానని అతనంటే, అక్కడున్న ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని కిందికి లాగుతారు.

"కూర్చోప్పా" అంటారు. "గిడ్డమ్మకు గూడా ఆకలేసింది."