నక్క కంట్లో ఏటి నీళ్లు

అడవి అంచున ఒక ఏరు. అది పుట్టే ఊట చుట్టూ కంచె కట్టుకుని, నక్క బట్టలకు రంగులద్దే కొట్టం పెట్టింది. కోతులకు ఎర్ర తువ్వాళ్లు, నెమళ్లకు నీలం చీరలు. లాభం నక్కది, మురికి ఏటిది. తొట్లలో మిగిలిన రంగునీళ్లన్నీ కాలవలోంచి ఏట్లోకి దిగేవి.

ఆ గట్టునే ఉండే గేదె నల్లమ్మికి ఇప్పుడు ఒక్కటే దిగులు. దూడ కంట్లో ముల్లు గీరుకుంది. రెప్ప తెరవడం లేదు.

డాక్టరమ్మ కొంగ వచ్చి చూసింది. "పచ్చరంగు చుక్క వేసి కడగాలి నల్లమ్మీ. గీత పడ్డ చోటే రంగు అంటుకుంటుంది. అది చూసి మందిస్తాను. కానీ కడగడానికి తేటనీళ్లేవి? ఈ ఎర్రనీళ్లు పోస్తే ఉన్న కన్నూ పోతుంది."

నల్లమ్మి బొక్కెన పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లింది. "నక్క మావా, ఒక్క బొక్కెన ఊటనీళ్లు పొయ్యవా? బిడ్డ కన్ను!"

"ఏట్లో లేవూ నీళ్లు?"

"అవి నీళ్లా మావా? అంతా రంగు!"

"మీ డాక్టరమ్మ కంట్లో వేసేది మాత్రం రంగు కాదా? ఆవిడ వేస్తే వైద్యం, నేను వదిలితే విషమా? నా పుణ్యాన ఏరంతా ఆసుపత్రి అయింది. ఫీజు అడగట్లేదు, సంతోషించు."

గట్టు మీది కప్పలు మండిపడ్డాయి. "ఏరు అందరిదీ! ఊట ఎవడబ్బ సొత్తు?"

నక్క చెవి గోక్కుంది. అరుపులకు లొంగే రకం కాదది.

నల్లమ్మి అరవలేదు. నెమరేస్తూ నక్క మొహం చూసింది. రంగుల ఆవిరికి దాని కళ్లూ ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి.

"నీ కళ్లూ బాలేవు మావా. డాక్టరమ్మ ఎలాగూ వచ్చింది. ఊరికే చూస్తుందిలే."

ఊరికే అనగానే నక్క వచ్చి గట్టు మీద కూర్చుంది. కొంగ దాని కంట్లో చుక్క వేసింది. "కన్ను మూయకు. నల్లమ్మీ, నీళ్లు!"

నల్లమ్మి బొక్కెన ఏట్లో ముంచి, పళ్లతో పట్టుకుని నక్క నెత్తి మీదికి ఎత్తింది.

నక్క ఎగిరి అవతల పడింది. "ఆగవే! ఆ నీళ్లా? వాటిలో నేనేమేం కలుపుతానో తెలుసా నీకు? కన్ను పోతుంది!"

నల్లమ్మి బొక్కెన దించింది. "ఆసుపత్రి అన్నావుగా మావా?"

నక్క మెల్లగా తనే వెళ్లి కంచె తడిక తీసింది. కొంగ చుక్క వేశాక, ఊటనీళ్లతో ముందు దూడ కన్ను కడిగారు. నక్క తన వంతు కోసం ఎదురు చూసింది. దూడ కంట్లో సన్నటి పచ్చగీత మిగిలింది.

"చిన్నదే, మానిపోతుంది," అంది కొంగ.

నక్క అన్న మాటనే పట్టుకుని, ఆ తడికా మళ్లీ పెట్టనివ్వలేదు, రంగునీళ్లూ ఏట్లోకి వదలనివ్వలేదు కప్పలు. ఇప్పుడు నక్క రంగునీళ్లను ఇసుకా బొగ్గూ నింపిన గుంతల్లో వడగట్టి, సణుక్కుంటూ తన తొట్లలోకే పోసుకుంటోంది. ఏటి అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. దూడ రెండు కళ్లూ తెరిచి, ఆ రాళ్ల మీద గంతులేస్తోంది.

తన కంట్లో పోసుకోలేని నీళ్లను అందరి ఏట్లో వదిలే హక్కు ఎవరికీ లేదు.