సాంబమూర్తి గారి లోపలి గది

కిరీటి నవల ముగింపు దగ్గర ఆగిపోయింది.

అది ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకున్న కథ. విజయవాడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ పాఠాలు చెప్పే కిరీటి కూడా అలాంటివాడే. కానీ ఆ సంగతి తెలిసినవాళ్ళు అతని లోకంలో ఇద్దరే. ఒకరు బందరులో ఉండే అతని గురువు సాంబమూర్తి గారు. రెండోవాడు అతను ప్రేమించే ఇమ్మానుయేలు.

ముగింపు ఎన్నిసార్లు మార్చినా ఒకటే గొడవ. ఒకసారి ఇద్దరిలో ఒకడు కృష్ణలో దూకాడు. ఇంకోసారి జబ్బుచేసి పోయాడు. మరోసారి లారీ గుద్దింది. ఎటు తిప్పి రాసినా ఒకడు చస్తున్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే కాగితాలు సంచిలో పెట్టుకుని బందరు బస్సెక్కాడు.

సాంబమూర్తి గారు ఒకప్పుడు పిల్లల మాసపత్రికలో బొమ్మల కథలు రాసేవారు. గువ్వలదీవి అనే ఊహాలోకం, అందులో ఒక పడవవాడు, దారి తప్పిన ఒక రాకుమారుడు. నెలకో ఆపద వచ్చేది. నెలకోసారి ఇద్దరూ బయటపడేవాళ్ళు. ఆ కథలకు బొమ్మలు గఫూర్ గారు వేసేవారు. ఆయనది పెడన, కలంకారీ అద్దకం వాళ్ళ కుటుంబం.

బొమ్మల కథలతో పేరొచ్చాక సాంబమూర్తి గారు నవల రాశారు. రేవులో పనిచేసే ఇద్దరు మగవాళ్ళ ప్రేమ. చివర ఒకడు సముద్రంలో కలిసిపోతాడు. చదివినవాళ్ళు కొందరు ఏడ్చారు. చదవనివాళ్ళు పత్రికాఫీసుకు ఫోన్లు చేశారు. అలాంటి మనిషి రాసిన కథలు మా పిల్లలు చదవాలా అన్నారు. ఎడిటర్ మంచివాడే. కథ ఆపలేదు, సాంబమూర్తి గారి పేరు తీసేశాడు.

మరుసటి నెల గఫూర్ గారు బొమ్మల కింద సంతకం పెట్టలేదు.

"పేరు లేని కథకి పేరున్న బొమ్మలేంటండీ" అన్నారట.

పత్రిక మూతబడేదాకా గువ్వలదీవి ఎవరి పేరూ లేకుండానే వచ్చింది. సాంబమూర్తి గారు ఆ తర్వాత ఇంకా కొన్ని నవలలు రాశారు. అన్నిట్లోనూ చివర ఒకడు పోయాడు.

కిరీటి వెళ్ళేసరికి ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. వచ్చినవాళ్ళందరూ అక్కడే కూర్చునేవారు. ఆ ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళినవాళ్ళెవరూ లేరు. ఇన్నాళ్ళ శిష్యరికంలో కిరీటి కూడా వెళ్ళలేదు.

"చదువు" అన్నారు.

కిరీటి చివరి అధ్యాయం చదివాడు. పూర్తయ్యాక ఆయన అడిగారు.

"వీళ్ళిద్దరిలో ముందు నిద్ర లేచేదెవరు?"

కిరీటికి అర్థం కాలేదు. "ఎవరండీ?"

"నీ కథలో వాళ్ళు. పొద్దున్నే పాలు ఎవరు తెస్తారు? కూర మాడితే తిట్టేదెవరు?"

"అవన్నీ రాయలేదండీ."

"రాయలేదని తెలుసు. నీకు తెలుసా అని అడుగుతున్నా."

కిరీటి తలదించుకున్నాడు. తెలియదు. వాళ్ళు ఎలా కలుసుకున్నారో తెలుసు, ఎలా చనిపోతారో తెలుసు. మధ్యలో ఏం చేస్తారో ఎంత ఆలోచించినా కనబడదు.

"నేనెప్పుడూ చూడలేదు మాష్టారూ" అన్నాడు చివరికి. "ఇద్దరు మగవాళ్ళు కాపురం చేసే ఇల్లు."

కిరీటే మళ్ళీ అన్నాడు.

"ఇమ్మానుయేలు అడిగాడండీ. ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నాడని చెప్పాను కదా, అతనే. ఇద్దరం కలిసి పటమటలో ఇల్లు తీసుకుందాం అన్నాడు. కుదరదన్నాను."

"ఎందుకని?"

"కుదిరితే ఎలా ఉంటుందో తెలియక."

సాంబమూర్తి గారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచారు. లోపలి తలుపు తోసి, గుమ్మంలో నిలబడి వెనక్కి చూశారు.

"రా" అన్నారు.

కిరీటి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

పెద్ద గది. ఎదురెదురుగా రెండు బల్లలు. ఒకదానిమీద కాగితాల దొంతర, రెండోది ఖాళీ. మూలన ఒకటే మంచం. ఒక గోడకి ఇంటికి నప్పనంత పెద్ద కిటికీ.

"బొమ్మలకి వెలుతురు చాలడం లేదని గఫూర్ గోడ కొట్టించేశాడు. ఇల్లుగలాయన వచ్చి వీధంతా వినబడేలా అరిచాడు. ఈయన లోపల కూర్చుని బొమ్మ వేసుకుంటున్నాడు. క్షమాపణలు చెప్పింది నేను."

గోడమీద చెయ్యంత నీలం మరక ఉంది. కిరీటి దానివైపే చూస్తున్నాడు.

"సిరాబుడ్డి" అన్నారు ఆయన. "నా మీదకే విసిరాడు. ఆయన బొమ్మ వేసిన తర్వాత నేను కథ మార్చాను. తప్పుకున్నాను కాబట్టి గోడకి తగిలింది. సున్నం వేయించనివ్వలేదు. చూసినప్పుడల్లా నాకు బుద్ధి రావాలట."

"తర్వాత మాట్లాడుకోలేదా అండీ?"

"నేను మాట్లాడలేదు. వానాకాలం, బయటికి పోవడానికి లేదు. ఇద్దరం ఈ గదిలోనే. ఆ నెల బొమ్మల్లో పడవవాణ్ణి చేతులు కట్టుకుని నిలబెట్టాడు, ఎదురుగా రాకుమారుడు మూతి ముడుచుకుని ఉన్నాడు. మాటలు రాయమని కాగితం నా బల్ల మీదకి తోశాడు."

"మీరేం రాశారు?"

"రాకుమారుడి చేత 'సరే, పద' అనిపించాను."

ఆయన మొహంలో నవ్వులాంటిది కదిలి, అలాగే ఆగిపోయింది.

"అది అచ్చయింది. ఊళ్ళో పిల్లలంతా చదివారు."

ఖాళీ బల్లమీద దుమ్ము లేదు. ఎవరో రోజూ తుడుస్తున్నట్టుంది. కిరీటి దాని అంచు తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గఫూర్ గారు పోయింది కిందటి చలికాలం. పెడన నుంచి అన్నదమ్ముల పిల్లలు వచ్చి శవాన్ని తీసుకువెళ్ళారు. సాంబమూర్తి గారు వెనక బస్సులో వెళ్ళారు. జనాజా మోయడానికి భుజం పట్టబోతే ఎవరో పెద్దాయన, "తమరెవరు?" అని మర్యాదగానే అడిగారు.

"కథలు రాసేవాణ్ణి. వాటికి బొమ్మలు ఆయన వేసేవారు" అని చెప్పారు.

పెద్దాయన పక్కకి తప్పుకుని చోటిచ్చారు. సాంబమూర్తి గారు పిడికెడు మట్టి వేసి, సాయంత్రం బస్సుకి బందరు వచ్చేశారు. పేపర్లో చిన్న వార్త వచ్చింది. చిత్రకారుడు, అవివాహితుడు అని రాశారు. పరామర్శకి ఎవరూ రాలేదు. ఎవరిని పరామర్శించాలో ఎవరికి తెలుసు?

ఇవన్నీ కిరీటికి ముందే తెలుసు. కానీ ఆ గదిలో నిలబడితే ఇప్పుడే మొదటిసారి తెలిసినట్టుంది.

"మాష్టారూ, ఇదంతా నవలల్లో ఎందుకు రాయలేదు?"

"ఇందులో కథేముందనుకున్నా. చావుంటే జనం ఏడుస్తారు. ఇద్దరు ముసలాళ్ళు కిటికీ గురించి దెబ్బలాడుకుంటే ఎవడు చదువుతాడు?"

బల్ల మీది కాగితాల దొంతర సర్దుతూ అన్నారు.

"రాసినవన్నీ మొదట చదివేది ఆయనే. చివరి పేజీ అవగానే కళ్ళజోడు తీసి, 'ఏమయ్యా, మళ్ళీ నన్ను చంపేశావా?' అనేవాడు. తమాషాకి అంటున్నాడనుకునేవాణ్ణి."

వీధిలో తోపుడుబండి వాడు కేక వేసుకుంటూ పోయాడు.

మధ్యాహ్నమైంది. ఆయన వంటింట్లో కంచాలు పెట్టారు. ఒక్కడికే వండుకునే అలవాటేమో, అన్నం కొంచెమే ఉంది. కిరీటి తినలేక కూర్చున్నాడు. ఏదో అడగాలని ఉంది. అడిగితే ఆయన మనసు నొచ్చుకుంటుందేమోనని ఉంది. చివరికి ఉండబట్టలేకపోయాడు.

"కానీ మాష్టారూ, ఎంత బాగా కాపురం చేసినా చివరికి ఒకరు పోతారు కదా. గఫూర్ గారు పోయారు కదా. అలాంటప్పుడు నేను రాసిన ముగింపులో తప్పేముంది?"

సాంబమూర్తి గారు అతని వైపు చూశారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"పోయాడు నాయనా. ఆ పొద్దున కూడా కాఫీలో పంచదార ఎక్కువేశానని నా మీద విసుక్కునే పోయాడు."



ఆయన వడ్డించడానికి లేవబోయారు. కిరీటి లేచి, ఆయన చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

"మీరు కూర్చోండి" అన్నాడు. "పప్పు ఎంత కావాలో చెప్పండి."