పంచాయతీ ఆఫీసులో గొంగళి

నేరేడమ్మ అనే ఎలుగుబంటికి తొమ్మిదేళ్ళు. పొద్దున లేవగానే మద్దిచెట్టుకి వీపు రుద్దుకోవడం ఆమెకి అలవాటు. అనగనగా, ఏరవతలి అడవిలో ఆమె పంచాయతీ ప్రెసిడెంటుగా గెలిచింది.

ఓట్లు పడ్డది ఆమెకి. కుర్చీలో కూర్చున్నది ఆమె మొగుడు గండయ్య. ఆ అడవిలో అదే ఆనవాయితీ పిల్లలూ! నెగ్గిన పెళ్ళాం వరండాలో నిలబడేది. నెగ్గని మొగుడు లోపల సంతకాలు పెట్టేవాడు.

"పెద్దల గది చల్లగా ఉండాలి" అన్నాడు గండయ్య. ఏసీ పెట్టించాడు. చల్లదనం పోకుండా కిటికీలు మూయించాడు. గది చీకటైంది. పట్టపగలే లైట్లన్నీ వేయించాడు. అంత కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? బయట డీజిల్ జనరేటరు పెట్టించాడు. అది డుబుడుబుమంటూ నల్లటి పొగ కక్కింది. ఇంతా చేస్తే లోపల గండయ్యకి చలేసింది. గొంగళి కప్పుకున్నాడు. ఒంటినిండా బొచ్చున్నవాడు!

జనరేటరు పక్కనే చెట్టుతొర్రలో వడ్రంగిపిట్ట పోలమ్మ గుడ్లు పొదుగుతోంది.

"నేరేడక్కా, పొగంతా తొర్రలోకే వస్తోంది. ఊపిరాడటం లేదు" అంది పోలమ్మ.

నేరేడమ్మ కిటికీ తట్టింది. "ఏమయ్యా, ఆ జనరేటరు ఆపు."

"నీకేం తెలుసే? ఆపితే నా పరువేం కావాలి?" అన్నాడు గండయ్య.

మర్నాడు కప్పలొచ్చాయి. "ఇలాంటి పొగలన్నీ పైకి పోయి దుప్పటిలా పరుచుకుంటున్నాయమ్మా. కింది వేడి పైకి పోవడం లేదు. మా మడుగు ఎండిపోతోంది" అన్నాయి.

నేరేడమ్మ మళ్ళీ కిటికీ తట్టింది. లోపలినుంచి గురక వినిపించింది.

మూడోరోజు పోలమ్మ గొంతు పీలగా వచ్చింది. "ఇక్కడుంటే నేను చస్తాను. గూడు వదిలితే నా పిల్లలు చస్తారు. అక్కా, నేను ఓటేసింది నీకు. నీ మొగుడికి కాదు."

నేరేడమ్మకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఈసారి కిటికీ తట్టలేదు. తిన్నగా వెళ్ళి జనరేటరు ఆపేసింది. తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

"ఏయ్! ఎవరు ఆపింది?" అని అరిచాడు గండయ్య.

"ప్రెసిడెంటు."

"ప్రెసిడెంటుని నేను కదే!"

"ఏ ఎన్నికల్లో నెగ్గావయ్యా? లే, లే. చలేస్తోందిగా, ఎండలోకి పో."

వరండాలో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. నేరేడమ్మ కిటికీలు బార్లా తెరిచింది. గాలొచ్చింది, వెలుగొచ్చింది. లైట్లతో పని లేకపోయింది. ఎండ వేడి లోపలికి దిగకుండా కోతులు కప్పుకి సున్నం వేశాయి, సగం తమ తోకలకే పూసుకున్నాయి. ఏనుగమ్మ గోడలమీదికి తీగలు పాకించింది. ఎండతో కరెంటు చేసే పలకలు బిగించారు. రెండు ఫ్యాన్లు తిరగడానికి ఆ కరెంటు సరిపోయింది.

వారం తిరక్కుండా పోలమ్మ గుడ్లన్నీ పగిలి పిల్లలొచ్చాయి. పిల్లల కిచకిచలకి ఆఫీసులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. ఎవరూ విసుక్కోలేదు.

నేరేడమ్మ ఆ తర్వాత బడిలో, గ్రంథాలయంలో ఉన్న జనరేటర్లు కూడా తీయించింది. గండయ్యని మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోనివ్వలేదు.

నీతి: నలుగురూ మనకి అప్పగించిన పని మనమే చెయ్యాలి. ఒక్కరి చల్లదనం కోసం అందరి గాలినీ పాడు కానివ్వకూడదు.