పేరయ్య కాలి కట్టు

గోదావరి లంకలో పేరయ్య అనే మోతుబరి ఉండేవాడు. ఏదైనా కంటికి నిండుగా కనబడితేనే గొప్పదనుకునేవాడు. ఆయన కుడికాలు బోదకాలు. గుమ్మడికాయలా వాచి చెప్పులో పట్టేది కాదు.

ఇంతలో మేనకోడలు రత్నమాలకి పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి తెచ్చేటప్పుడు ముందు పట్టు మేనమామది. పేరయ్య మొయ్యలేకపోతే ఆ మర్యాద తమ్ముడు తాతబ్బాయికి పోతుంది. చేపల చెరువు తగాదా నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు.

"వాడు మొయ్యడమా! నేను బతికుండగానే!" అని పేరయ్య పట్నం వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు.

డాక్టరమ్మ అంది: "కాల్లో నీరు పోయే దారులు పూడిపోయాయి, పెదనాన్నగారూ. మైక్రోస్కోపులో చూస్తూ, వెంట్రుక కన్నా సన్నని దారంతో వాటిని పక్క రక్తనాళాలకి కలిపాం. వాపు మెల్లగా దిగుతుంది. ఈ బిగువు కట్టు మాత్రం నేను చెప్పేదాకా తియ్యకండి."

ఇంటికి రాగానే ఊరంతా పరామర్శకొచ్చింది. ఆ ఊళ్లో పరామర్శంటే కుట్లు చూడ్డమే. కట్టు పైఅంచున కనబడే కుట్టు చూసి ఒకాయన పెదవి విరిచాడు.

"ఇదేంటి పేరయ్యా, చీమ కుట్టినట్టుంది! మీ తాతబ్బాయి పొట్ట ఆపరేషన్ చూడు, జానెడు కోత, జెర్రి పాకినట్టు!"

పేరయ్యకి తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ కట్టిన కట్టు ఊడబీకాడు.

"విప్పొద్దంది కదయ్యా!" అంది భార్య మంగాయమ్మ.

"ఈ ఊరి సంగతి ఆవిడకేం తెలుసు? నువ్వు పాత పంచె చించు."

దూదీ పంచె పేలికలూ కలిపి, తలగడంత వదులు కట్టు కట్టించుకున్నాడు. అరుగు మీంచి కాలు వేలాడేసి పొద్దస్తమానం కూర్చున్నాడు.

"అబ్బో, పెద్ద ఆపరేషనే!" అన్నారు జనం. పేరయ్య మీసం దువ్వాడు. దిగాల్సిన వాపు దూది కింద దర్జాగా మళ్లీ ఎక్కింది.

పెళ్లినాడు పంతం కొద్దీ బుట్ట పట్టాడు. రెండడుగులకే ఒరిగాడు.

"మావయ్యా, నన్ను కొబ్బరికాయలా కొట్టేసేలా ఉన్నావు!" అని బుట్టలోంచి కేకేసింది రత్నమాల.

తాతబ్బాయి పరుగున వచ్చి ముందు పట్టు అందుకున్నాడు. "తప్పుకో అన్నయ్యా. కట్టు నీది, బుట్ట నాది."

పందిరంతా గొల్లుమని నవ్వింది. మర్నాడే పేరయ్య ఆసుపత్రికెళ్లి కాలు చాపాడు.

"బిగించి కడితే వాపు మళ్లీ దిగుతుంది," అంది డాక్టరమ్మ.

"వాపు దిగుతుందమ్మా, ఆ పెళ్లి మళ్లీ జరగదుగా," అన్నాడు పేరయ్య.

నీతి: పదిమంది మెప్పు కోసం మంచి వైద్యాన్ని పాడుచేసుకున్నవాడికి మేలూ దక్కదు, మెప్పూ మిగలదు.