నూకరత్నం గారి నాలుగు గోడలు

“వచ్చే దీపావళికి ప్రతి జేబులో ఒక సినిమా హాలు!” అని కంపెనీ వేదికెక్కి మాటిచ్చింది. ఆ దీపావళి వెళ్లి రెండేళ్లయింది. ఫోన్‌లో ఇమిడే ప్రొజెక్టర్ తయారైంది గానీ కొనేవాళ్లే లేరు. దాని మీదే ప్రాణం పెట్టుకున్న కంపెనీ ఇంజనీరు ప్రభంజన్‌కు ఒక్క దారి మిగిలింది. అతనికి కాంతిశాస్త్రం చెప్పిన, జనం నమ్మే హైమవతి గారు ‘ఇది ప్రతి ఇంటికీ పనికొస్తుంది’ అన్న కొత్త ప్రకటన కింద సంతకం చేస్తే పని సాగుతుంది, లేకపోతే కంపెనీ మూసేస్తుంది. అతను కాకినాడ వచ్చి ఆవిడ ఎదుట నిలబడ్డాడు.

“విజ్ఞానం ప్రజల సొత్తు మేడమ్! మరి ఆ ప్రజలకే ఎందుకు అక్కర్లేదు?”

ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం హైమవతి గారికి అలవాటు లేదు. చెప్పులేసుకుని, అతన్ని పక్క వాటాలోని నూకరత్నం ఇంటికి తీసుకెళ్లారు. “ఈవిడకో సినిమా చూపించు,” అన్నారు.

ఉన్నది ఒకటే గది. ఎదుటి గోడ నిండా దేవుళ్లు. ప్రభంజన్ ఫోన్ ఎత్తగానే నూకరత్నం అడ్డుపడింది. “వెంకన్న మొహం మీద డాన్సులా? చాల్చాల్లే!”

రెండో గోడకు దండ వేసిన మావగారి ఫొటో ఉంది. “బతికుండగా నన్ను సినిమాకే పంపలేదు బాబూ ఆయన. ఇప్పుడు తెచ్చి హీరోయిన్ని నెత్తిన పెడితే ఊరుకుంటాడా?”

మూడో గోడంతా మేకులకు వేలాడే చొక్కాలు. నాలుగోదానికి ఆనించి బీరువా.

చివరికి పైన స్లాబే దిక్కయింది. తలుపులూ కిటికీలూ మూసి, ముగ్గురూ చాప మీద వెల్లకిలా పడుకున్నారు. హీరోయిన్ వచ్చింది గానీ ఫ్యాన్ రెక్కలు ఆవిణ్ణి ముక్కలు ముక్కలు చేస్తున్నాయి. ఫ్యాన్ ఆపారు. మే నెల, మిట్టమధ్యాహ్నం. పాట సగం కాకముందే ముగ్గురికీ చెమటలు కారిపోయాయి. ఫోన్ పెనంలా కాలి, దానంతటదే ఆరిపోయింది.

చీకట్లో నూకరత్నం గొంతు జాలిగా వినిపించింది. “దానికీ ఉక్కపోసినట్టుంది బాబూ, ఫ్యాన్ వెయ్యి.”

హైమవతి గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ప్రభంజన్ మాత్రం పిడికిలి బిగించి లేచాడు. “ఇది తాత్కాలిక ఓటమే మేడమ్! వచ్చే ఏడాదికి వేడి సగం చేస్తాం, వెలుగు రెట్టింపు చేస్తాం. అడ్డుగోడలన్నీ కూల్చేస్తాం!”

“కూల్చకు బాబూ, అద్దిల్లు,” అంది నూకరత్నం.

అతను ప్రకటన కాగితం చాపాడు. హైమవతి గారు దాన్ని అందుకుని, విసనకర్రలా మడిచి, నూకరత్నానికి విసురుతూ అన్నారు:

“వేడీ వెలుగూ నువ్వు చూసుకోగలవు, నాకు తెలుసు. ఈవిడకు ఖాళీ గోడ ఎవరిస్తారో కనుక్కుని రా. సంతకానికి జూన్ పదిహేను దాకా చూస్తాను.”